కొండ మీద చిరునామా మారుతోంది: పైకే కాదు, పక్కకూ కిందకూ

1802లో జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త అలెగ్జాండర్ వాన్ హంబోల్ట్, ఆయన సహచరుడు ఎమే బొన్‌ప్లాన్ కలిసి ఇప్పటి ఈక్వడార్‌లో ఉన్న చింబొరాజో కొండ ఎక్కారు. శిఖరం దాకా పోలేకపోయారు గానీ, ఆ ప్రాంతంలో తిరిగినంతసేపూ ఏ ఎత్తులో ఏ మొక్క కనిపించిందో రాసి పెట్టుకున్నారు. కొన్నేళ్లకు ఆ రాతలు ఒక పెద్ద బొమ్మగా అచ్చయ్యాయి. కొండను నిలువునా కోసి చూపించినట్టు గీసి, ఎక్కడ ఏది పెరుగుతుందో సరిగ్గా ఆ ఎత్తులోనే దాని పేరు రాశారు. మొక్కల చిరునామాలకు అదో రిజిస్టరు అనుకోవచ్చు.

రెండు శతాబ్దాల తర్వాత ఒక పరిశోధక బృందం ఆ రిజిస్టరు పట్టుకుని చింబొరాజో ఎక్కింది. మొక్కలు సగటున 500 మీటర్లకు పైగా పైకి జరిగాయని 2015లో చెప్పింది. అది పెద్ద వార్తే అయింది. 2019లో ఇంకో బృందం హంబోల్ట్ పాత కాగితాలు, ఎండబెట్టి దాచిన నమూనాలు తిరగేస్తే అసలు సంగతి బయటపడింది. బొమ్మ మీద చింబొరాజో అని ఉన్నా, చెట్లు ఆగిపోయే హద్దుకు పైన సేకరించిన మొక్కల్లో చాలావరకు ఆంటిసానా అనే వేరే అగ్నిపర్వతం మీద దొరికినవి. ఆంటిసానాను ఆంటిసానాతోనే పోల్చి లెక్క కడితే, మొక్కలు జరిగిన దూరం 215 నుంచి 266 మీటర్లని తేలింది. అంటే అంకె సగానికి పడిపోయింది. దిక్కు మాత్రం మారలేదు, పైకే.

కొండ జీవుల విషయంలో ఇలాంటిది తరచూ జరుగుతుంది. మొదట విన్న కథ సూటిగా ఉంటుంది. దగ్గరికెళ్లి చూస్తే వంకరలు కనిపిస్తాయి. ఆ వంకర్లలోనే అసలు విషయం ఉంటుంది.

ముందు ఆ సూటి కథ సంగతి చూద్దాం. కొండ మీద వాతావరణం అరల్లో సర్దినట్టు నిలువుగా ఉంటుంది. కిలోమీటరు ఎత్తు ఎక్కితే గాలి సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. ఒక డిగ్రీ చల్లదనం కావాలంటే 150 మీటర్లు ఎక్కితే చాలు. మైదానంలో అదే ఒక్క డిగ్రీ కోసం ధ్రువం వైపు ఇంచుమించు 150 కిలోమీటర్లు పోవాలి. వెయ్యి రెట్ల తేడా! ఒక్క వాలు మీదే ఇన్ని రకాల వాతావరణాలు పేర్చి ఉండటం వల్లే భూభాగంలో పావు వంతు మాత్రమే ఉన్న పర్వత ప్రాంతాల్లో పక్షులు, క్షీరదాలు, ఉభయచరాల జాతుల్లో 85 శాతానికి పైగా కనిపిస్తాయి.

దాంతో జవాబు కూడా తేలికేననిపిస్తుంది. వేడి పెరుగుతోంది కాబట్టి ప్రతిదీ ఒక మెట్టు పైకి జరుగుతుంది, పై మెట్టు మీదున్నదానికి ఇక మెట్టు ఉండదు, అది పోతుంది. శాస్త్రవేత్తలు దీనికి ఎస్కలేటర్ అని పేరు కూడా పెట్టారు. చాలామంది చెప్పడం ఇక్కడితో ఆపేస్తారు. అబద్ధమేమీ కాదు గానీ, ఇది సగం నిజం.

మిగతా సగం ఎక్కడుందో ఒక చిన్న లెక్క చెబుతుంది. భూమి ఈమధ్య దశాబ్దానికి సుమారు 0.2 డిగ్రీల చొప్పున వేడెక్కుతోంది. పై సూత్రం ప్రకారం జీవులు దశాబ్దానికి 30 మీటర్లు ఎక్కాలి. 2011లో ప్రపంచవ్యాప్తంగా జరిగిన అధ్యయనాలను ఒకచోట చేర్చి చూస్తే తేలింది 11 మీటర్లు. వేడి ముందు పోతుంటే జీవులు వెనక పడుతున్నాయన్నమాట. ఇక ఆ 11 అనేది మధ్యలో ఉన్న అంకె మాత్రమే. దానికి అటు వంద మీటర్లు ఎక్కినవీ ఉన్నాయి, ఇటు కదలనివీ ఉన్నాయి, కిందకు దిగినవీ ఉన్నాయి.

కదలికలో తేడాలకు ఒక కారణం ఆయుష్షు. పశ్చిమ ఐరోపా అడవుల్లో 171 మొక్క జాతుల పాత, కొత్త లెక్కలు పోల్చి 2008లో ఒక అధ్యయనం వచ్చింది. వాటికి అనుకూలమైన ఎత్తు దశాబ్దానికి సగటున 29 మీటర్లు పైకి జరిగింది. అందులోనూ గడ్డి జాతులు, చిన్న మొక్కలు ముందున్నాయి, చెట్లు వెనకపడ్డాయి. ఏటా విత్తనం రాల్చే మొక్కకు ఏటా కొత్త చోటు వెతుక్కునే అవకాశం దొరుకుతుంది. మూడు వందల ఏళ్లు బతికే చెట్టు మాత్రం తను మొలకెత్తిన నాటి వాతావరణాన్ని నమ్ముకుని నిలబడి ఉంటుంది. దాని కింద కొత్త మొక్కలు మొలవడం ఎప్పుడో ఆగిపోయినా పైన కొమ్మలు పచ్చగానే ఉంటాయి. కింద నుంచి చూసేవాళ్లకు అడవి బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

శిఖరాల మీద ఇంతకన్నా పెద్ద భ్రమ ఒకటి ఉంది. ఐరోపాలో 302 శిఖరాల మీద 145 ఏళ్లుగా చేసిన మొక్కల లెక్కలను 2018లో ఒకచోట పెట్టి చూశారు. 1957–66 దశాబ్దంలో ఒక్కో శిఖరానికి కొత్తగా చేరిన జాతుల కన్నా 2007–16 దశాబ్దంలో చేరినవి ఐదు రెట్లు. జాతులు పెరగడం శుభవార్తే కదా అనిపిస్తుంది. కానీ వచ్చి చేరుతున్నవన్నీ కింది వాలుల నుంచి ఎక్కుతున్న పొడుగాటి, వేగంగా పెరిగే మొక్కలు. ఎప్పటి నుంచో అక్కడున్న పొట్టి, నిదానపు మొక్కలు ఇంకా ఉన్నాయి. ఒక్కోటి దశాబ్దాల తరబడి బతుకుతుంది కాబట్టి వెంటనే పోవు. కొత్తవాళ్లు వచ్చారు, పాతవాళ్లు ఇంకా ఖాళీ చేయలేదు. లెక్క నిండుగా కనిపించేది ఆ మధ్య కాలంలోనే. ఆ లెక్క ఎప్పుడో ఒకప్పుడు సరిపడుతుంది. మధ్యధరా ప్రాంతపు శిఖరాల మీద, నీటి ఎద్దడి కూడా తోడైన చోట, జాతుల సంఖ్య ఇప్పటికే పెరగకపోగా తగ్గిన దాఖలాలున్నాయి.

ఎత్తయిన కొండల మీది మొక్కకు వేడి అంటేనే పడదనుకోవడం ఇక్కడ మరో పొరపాటు. ఆల్ప్స్ శిఖరాల మీది పూల మొక్కలను తెచ్చి మైదానంలోని వృక్షశాస్త్ర ఉద్యానవనాల్లో పెంచుతుంటారు. అవి అక్కడ శుభ్రంగా బతుకుతాయి. కాకపోతే ఒక షరతు ఉంది, తోటమాలి కలుపు తీస్తూ ఉండాలి. కలుపు తీయడం మానేస్తే రెండు మూడేళ్లలో పక్క మొక్కల నీడలో మునిగిపోతాయి. అంటే వాటిని కొండ పైన ఉంచింది చల్లదనం మీద ప్రేమ కాదు, కింద పోటీకి తట్టుకోలేకపోవడం. స్విట్జర్లాండ్‌లో దీన్ని నేరుగా పరీక్షించారు. పైనున్న మొక్కలను కొండ వాలు మీద కాస్త కిందికి, అంటే రేపటి వేడిలోకి, తెచ్చి నాటారు. కొన్నిటి పక్కన వాటి పాత ఇరుగుపొరుగునే ఉంచారు, కొన్నిటి పక్కన కింది వాలు మొక్కలను ఉంచారు. పాత ఇరుగుపొరుగు ఉన్నవి వేడిని చాలావరకు ఓర్చుకున్నాయి. కొత్త పొరుగు తగిలినవి బాగా దెబ్బతిన్నాయి.

దీన్నిబట్టి ఒక జాతి నివాసానికి పై హద్దు, కింది హద్దు ఒకే కారణంతో ఏర్పడవని అర్థమవుతుంది. పై హద్దును ఎక్కువగా చలి గీస్తుంది. చెట్ల హద్దు ఇందుకు ఉదాహరణ. ప్రపంచంలో ఏ కొండ మీదైనా పెరుగుదల కాలపు సగటు ఉష్ణోగ్రత ఆరు డిగ్రీల చుట్టుపక్కలకు పడిపోయిన చోట చెట్లు ఆగిపోతాయి. అంతకన్నా చలిలో కొత్త కణజాలం కట్టుకోవడం వాటి వల్ల కాదు. కింది హద్దును మాత్రం తరచుగా పొరుగువాళ్లు, శత్రువులు, నీళ్లు గీస్తాయి. వేడి పెరిగినప్పుడు పై హద్దు ఎటు జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. కింది హద్దులో ఏం జరుగుతుందో చెప్పడమే కష్టం. ఒక జాతి బతుకుతుందా పోతుందా అనేది తేలేదీ అక్కడే. పైన రెండు వందల మీటర్లు కలిసొచ్చి కింద నాలుగు వందలు పోతే దాన్ని జరగడం అనకూడదు, కుంచించుకుపోవడం అనాలి. పోనీ చెట్ల హద్దు పైకి ఎక్కడమన్నా కచ్చితమా అంటే, అదీ కాదు. 166 చోట్ల లెక్కలు చూస్తే సగానికి కాస్త పైగా చోట్ల మాత్రమే అది పైకి జరిగింది.

ఎస్కలేటర్ కథ ఎక్కువగా నిజమయ్యేది భూమధ్యరేఖ దగ్గర. కారణాన్ని 1967లోనే డానియల్ జాన్‌జెన్ అనే జీవశాస్త్రవేత్త చెప్పాడు. సమశీతోష్ణ ప్రాంతంలో ఒకే జంతువు చలికాలపు గడ్డకట్టే చలినీ, వేసవి ఎండనూ చూస్తుంది. కాబట్టి వంద మీటర్ల తేడా దానికి లెక్కలోకి రాదు. ఉష్ణమండలంలో ఏడాది పొడుగునా ఒక ఎత్తులో దాదాపు ఒకే ఉష్ణోగ్రత ఉంటుంది. అక్కడి జీవులకు అంతకు మించి అలవాటు లేదు. వాటికి ఒక అర నుంచి ఇంకో అరకు మారడమే పెద్ద ప్రయాణం. అందుకే వేడి పెరగ్గానే ఇక్కడి జీవులు తు.చ. తప్పకుండా పైకి జరుగుతున్నాయి. బోర్నియోలోని కినబాలు కొండ మీద 1965లో చిమ్మటల లెక్క తీశారు. 2007లో మళ్ళీ అదే దారిలో, అవే ఎత్తుల దగ్గర లెక్క తీశారు. 102 జాతులు సగటున 67 మీటర్లు ఎక్కాయి. న్యూగినీలో 1960ల్లో జారెడ్ డైమండ్ అనే శాస్త్రవేత్త పక్షుల లెక్క తీసిన రెండు కొండలకు దాదాపు యాభై ఏళ్ల తర్వాత మళ్ళీ వెళ్తే, వాటి పై హద్దులు వంద మీటర్లకు పైగా జరిగి కనిపించాయి. అక్కడ పెరిగిన వేడి అర డిగ్రీ కూడా లేదు.

పెరూలోని పాంటియకోయా అనే కొండకొమ్ము సంగతి ఇంకాస్త దగ్గరగా చూడాల్సినది. ఎత్తు 1,400 మీటర్ల పైచిలుకు, అంతే. 1985లో జాన్ ఫిట్జ్‌పాట్రిక్ బృందం కింద నది ఒడ్డు నుంచి పైన కొన దాకా ఏ పక్షి ఎక్కడుందో నమోదు చేసింది. 2017లో బెంజమిన్ ఫ్రీమన్ బృందం అదే బాట పట్టి, అదే పద్ధతిలో వలలు కట్టి, పిలుపులు విని లెక్క తీసింది. ఈ మధ్యలో పెరిగింది 0.42 డిగ్రీలు. చాలా పక్షులు పైకి జరిగాయి. కింద ఉండేవి పైకి వ్యాపించి లాభపడ్డాయి. కొన దగ్గర మాత్రమే ఉండేవి తగ్గిపోయాయి, 1985లో అక్కడ మామూలుగా కనిపించినవి కొన్ని 2017లో అసలు కనిపించలేదు. ఆ అడవిని ఎవరూ నరకలేదు, రోడ్డు వేయలేదు. చెట్లు ఉన్నచోటే ఉన్నాయి. అందుకే ఈ చిన్న కొండకొమ్ముకు అంత విలువ. మామూలుగా ఒక పక్షి కనిపించకపోతే అడవి నరకడం, వేట, వేడి అన్నీ కలిసిపోయి ఏది ఎంత కారణమో విడదీయడం కష్టం. ఇక్కడ ఆ గందరగోళం లేదు.

పైకి పోతే చోటు తగ్గుతుందనే మాటలోనూ మెలిక ఉంది. కొండ అనగానే కింద వెడల్పు, పైన సూది మొన ఉన్న బొమ్మే గీస్తాం. 182 పర్వతశ్రేణుల్లో ఏ ఎత్తులో ఎంత నేల ఉందో కొలిచి 2015లో వచ్చిన లెక్క ప్రకారం అలా క్రమంగా సన్నబడేవి మూడో వంతే. ఆల్ప్స్ అలాంటిది. రాకీ పర్వతాలు నడుము దగ్గర వెడల్పు, కాబట్టి కింద నుంచి ఎక్కేదానికి కొంతదూరం చోటు పెరుగుతూ పోతుంది. హిమాలయాలు డమరుకం లాంటివి, నడుము దగ్గర ఇరుకై పైన టిబెట్ పీఠభూమి వైపు విశాలమవుతాయి. అక్కడ ఇబ్బంది కొన దగ్గర కాదు, నడుము దగ్గర. అది దాటగలిగినదానికి పైన చోటుంది. అయితే ఆ విశాలమైన నేల రాయో, గడ్డో, మంచో అనేది వేరే ప్రశ్న.

హిమాలయాల్లో పాత రిజిస్టరు ఒకటుంది. జోసెఫ్ డాల్టన్ హుకర్ అనే బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త 1849–50లో సిక్కిం కొండల్లో తిరిగి రాసిన మొక్కల ఎత్తులు. వాటిని ఇప్పటి ఎత్తులతో పోల్చి 2013లో ఒక అధ్యయనం వచ్చింది. ఆ ప్రాంతానికే పరిమితమైన 124 మొక్క జాతుల్లో 87 శాతం చోటు మారాయి. హంబోల్ట్ బొమ్మకు జరిగినట్టు ఇలాంటి పాత ఎత్తులన్నిటినీ కాస్త జాగ్రత్తగానే తీసుకోవాలి. ఆ రోజుల్లో ఎత్తు కొలిచింది బారోమీటరుతో, లేదా నీళ్లు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతాయో చూసి.

ఇక కిందకు దిగినవాటి సంగతి. కాలిఫోర్నియాలో జోసెఫ్ గ్రిన్నెల్ అనే జంతుశాస్త్రవేత్త ఇరవయ్యో శతాబ్దం మొదట్లో యోసెమిటీ కొండల్లో జంతువుల లెక్కలు తీశాడు. బోనులో ఏది ఎక్కడ పడిందో, ఏ పక్షి ఎన్ని గంటలకు ఎక్కడ కూసిందో రోజువారీగా నోట్‌బుక్కుల్లో రాయించాడు. ఈ పనికి అసలు విలువ చాలా ఏళ్లకు, బహుశా ఒక శతాబ్దానికి గానీ తెలియదని 1910లోనే రాశాడు. సరిగ్గా అలాగే జరిగింది. 2000ల్లో ఆయన పనిచేసిన బర్క్‌లీ మ్యూజియం వాళ్లే అదే బాటలో మళ్ళీ వెళ్లారు. ఎలుకలు, ఉడతల వంటి 28 చిన్న క్షీరదాల్లో సగం సగటున 500 మీటర్లు పైకి జరిగాయి. మిగతా సగం పెద్దగా పైకి జరగలేదు. ఎత్తయిన చోట్ల ఉండే ఆల్పైన్ చిప్‌మంక్ అనే చారల ఉడుత కింది హద్దు 600 మీటర్లకు పైగా పైకి పోయింది. మ్యూజియంలో దాచిన శతాబ్దం నాటి చర్మాల్లోంచి డీఎన్‌ఏ తీసి ఇప్పటి వాటితో పోల్చితే, దాని జన్యు వైవిధ్యం తగ్గిందనీ, మందలు ఒకదానికొకటి దూరమై తెగిపోతున్నాయనీ కూడా తేలింది. దాని దగ్గరి బంధువు, అదే కొండల్లో ఉండే ఇంకో చిప్‌మంక్, ఉన్నచోట నిక్షేపంగా ఉంది.

అవే కొండల్లో పక్షులను చూస్తే ఇంకా చిత్రం. నూటికి 84 జాతులు చోటు మారాయి. కానీ మారిన హద్దుల్లో పైకి జరిగినవి సగమే, తక్కినవి కిందకు జరిగాయి. కారణం వాన. వేడి ఒకవైపు పైకి తోస్తుంటే, వాన పెరిగిన చోట తేమ కిందకు లాగుతుంది. ఏ పక్షికి ఏది ముఖ్యమో దాన్నిబట్టి అది అటో ఇటో పోతుంది. కాలిఫోర్నియా కొండల మీదే 64 మొక్క జాతులు ఇరవయ్యో శతాబ్దంలో సగటున 80 మీటర్లకు పైగా కిందకు దిగాయని, నీటి లభ్యత పెరగడమే కారణమని 2011లో ఇంకో అధ్యయనం చెప్పింది. దాని మీద అప్పట్లోనే గట్టి వాదాలు నడిచాయి. అయినా మూల సూత్రంలో అనుమానమేమీ లేదు. మొక్కకు థర్మామీటరు ఒక్కటే కాదు, వేళ్ల దగ్గరి తడి కూడా చిరునామానే.

ఇంతకీ ఆ థర్మామీటరు దేన్ని కొలుస్తోంది? వాతావరణ కేంద్రంలో నేలకు ఒకటిన్నర, రెండు మీటర్ల ఎత్తున, నీడలో ఉన్న గాలిని. కొండ మీది మొక్క అక్కడ బతకదు. ఆల్ప్స్‌లో పెరిగే సైలీనీ అకాలిస్ అనే మొక్క నేలకు కరుచుకుని దిండులా బిగుతుగా అల్లుకుంటుంది. చేత్తో నొక్కితే మెత్తగా వెనక్కి తన్నుతుంది. ఆ దిండులోకి గాలి చొరబడదు. ఎండ ఉన్న రోజు దాని ఉపరితలం చుట్టూ ఉన్న గాలి కన్నా పది డిగ్రీలకు పైగా వెచ్చబడుతుంది. పక్కనే గుంటలో, మంచు ఆలస్యంగా కరిగే చోట, నేల ఇంకా గడ్డకట్టినట్టే ఉంటుంది. స్విట్జర్లాండ్‌లో ఎదుటి వాలుల మీద నిలబడి థర్మల్ కెమెరాలతో కొండను ఫోటో తీస్తే, ఒకే ఎత్తులో కొద్ది మీటర్ల దూరంలో కనిపించిన తేడాలు ఈ శతాబ్దంలో పెరుగుతుందనుకుంటున్న వేడికి ఏమాత్రం తీసిపోలేదు. అంటే ఈ పొట్టి మొక్కలకు 150 మీటర్ల ఎక్కుడు అవసరం లేకపోవచ్చు. బండరాయికి ఇవతలి నుంచి అవతలికి మారితే సరిపోతుంది. గాలికి ఎదురుగా నిలబడే చెట్టుకు మాత్రం ఈ వెసులుబాటు లేదు.

ఇదే పనిని కాళ్లున్న జంతువు ఎలా చేస్తుందో చూడాలంటే ఉత్తర అమెరికాలోని పైకాను చూడాలి. కుందేలుకు బంధువే గానీ చూడటానికి గుండ్రటి చెవులున్న బొద్దెలుకలా ఉంటుంది. కొండచరియల నుంచి జారి పేరుకున్న రాళ్ల గుట్టల్లో కాపురం. చలికాలం నిద్రపోదు. వేసవంతా గడ్డీ పూలూ కొరికి నోట కరుచుకొచ్చి రాళ్ల సందుల్లో చిన్న గడ్డివామి వేసుకుంటుంది. ఒంటి వేడి మామూలుగానే 40 డిగ్రీలుంటుంది, ఇంకాస్త పెరిగితే ప్రాణం మీదికొస్తుంది. 1970ల్లో జరిగిన ప్రయోగంలో నీడలోకి పోయే వీల్లేకుండా బోనులో ఉంచిన పైకాలు పాతిక డిగ్రీలు దాటిన గాలిలో కొన్ని గంటల్లో చనిపోయాయి. మనకు ఆ వేడి హాయిగా ఉంటుంది. అందుకే మధ్యాహ్నం పైకా రాళ్ల కిందికి దిగిపోతుంది. అక్కడ గాలి చల్లగా నిలిచి ఉంటుంది. వేసవి మధ్యాహ్నాలు వేడెక్కే కొద్దీ రాయి కింద గడిపే గంటలు పెరుగుతాయి, గడ్డి కొరికే గంటలు తగ్గుతాయి, గడ్డివామి చిన్నదవుతుంది. ఇక చలికాలంలో ఇంకో ఇబ్బంది. రాళ్ల మీద మందంగా పడ్డ మంచు దుప్పటిలా పనిచేస్తుంది. వేడెక్కిన కాలంలో ఆ దుప్పటి పలచబడితే లోపల చలికి చనిపోతుంది. వాతావరణం వేడెక్కడం వల్ల ఒక జంతువు చలికి చనిపోవడం వినడానికి విడ్డూరంగా ఉన్నా, లెక్కకు సరిగ్గానే ఉంది.

అమెరికా పశ్చిమాన గ్రేట్ బేసిన్‌లో పైకాలు ఒకప్పుడు ఉన్న కొన్ని చోట్ల ఇప్పుడు లేవు. అదే పైకా ఆరెగన్ దగ్గర కొలంబియా నది లోయలో, ఇంచుమించు సముద్రమట్టానికి దగ్గరగా, జలపాతాల పక్కన నాచు కప్పిన రాళ్ల గుట్టల్లో చక్కగా బతుకుతోంది. నాచు రాళ్లను చల్లగా ఉంచుతుంది, తిండికీ అదే ఆధారం. ఎత్తు మాత్రమే చూసేవాడికి ఈ పైకా ఉండకూడని చోట ఉన్నట్టు లెక్క. రాయి కింద చేయి పెట్టి చూసినవాడికి అది సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది.

వేడి నేరుగా చంపకుండా ఇంకొకరిని పైకి పంపి చంపే సందర్భాలు మరీ దారుణం. హవాయి దీవుల్లో 1826కు ముందు దోమలు లేవు. ఓడల్లో వచ్చాయి. తర్వాత పక్షుల మలేరియా వచ్చింది. దాన్ని ఎరగని అక్కడి హనీక్రీపర్ పక్షులు కింది అడవుల్లో పిట్టల్లా రాలిపోయాయి. మిగిలినవి ఎత్తయిన చల్లటి అడవుల్లో తలదాచుకున్నాయి. అక్కడ వాటిని కాపాడింది ఒక చిన్న విషయం. దోమ కడుపులో మలేరియా క్రిమి ఎదగాలంటే వెచ్చదనం కావాలి. సుమారు 13 డిగ్రీల దగ్గర దాని ఎదుగుదల ఆగిపోతుంది, 17 డిగ్రీల లోపు నత్తనడకన సాగుతుంది. ఆ గీత కింద మలేరియా, పైన పక్షులు. ఇప్పుడు గీత ఎక్కుతోంది. కవాయి దీవిలో ఎత్తయిన చోటే 1,600 మీటర్లు లేదు, గీత దాదాపు పైదాకా వచ్చేసింది. అక్కడి అకికికి అనే పిట్టలు 2023 నాటికే అడవిలో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. 2023లో అంతరించాయని అమెరికా ప్రభుత్వం ప్రకటించిన 21 జాతుల్లో ఎనిమిది హవాయి పక్షులు. అదే ఏడాది మావి దీవిలో సంతానం కలగకుండా చేసే వోల్బాకియా బ్యాక్టీరియా ఉన్న మగ దోమలను వదలడం మొదలుపెట్టారు. మగ దోమ కుట్టదు. దానితో జతకట్టిన ఆడ దోమ గుడ్లు పొదగవు. వేడిని వెనక్కి తిప్పలేకపోయినా దోమను ఆపగలిగితే పక్షికి ఆ ఎత్తు మళ్ళీ నివాసయోగ్యమవుతుంది.

ఆండీస్‌లో కప్పలకూ ఇలాంటి అనుభవమే. పెరూలో హిమానీనదాలు కరిగి వెనక్కి పోయిన చోట కొత్త చెరువులు ఏర్పడ్డాయి. కప్పలు ఎక్కి 5,244 నుంచి 5,400 మీటర్ల దాకా చేరాయి. అంత ఎత్తున కప్పలు కాపురం పెట్టడం ఆశ్చర్యమే. వాటి వెంటే కప్పల చర్మాన్ని తినే కైట్రిడ్ శిలీంధ్రం కూడా అంత ఎత్తుకూ చేరింది. అయితే ప్రతి మరణాన్నీ వాతావరణ మార్పు ఖాతాలో రాసేయడం కూడా సరికాదు. కోస్టారికా మేఘారణ్యాల్లో ఉండే బంగారు గోదురుకప్ప 1989 తర్వాత కనిపించలేదు. మేఘాలు పైకి లేచిపోవడమే కారణమని మొదట అన్నారు. తర్వాత శిలీంధ్రం పేరు వచ్చింది. 2010లో వచ్చిన పరిశోధన 1986–87 ఎల్‌నీనో తెచ్చిన తీవ్రమైన పొడి వాతావరణం మీద వేలు పెట్టింది. ఈ ముగ్గురు ముద్దాయిల్లో ఎవరి వాటా ఎంతో ఇంకా తేల్చుకుంటూనే ఉన్నారు.

ఇవన్నీ చూశాక, కొండ జీవులను కాపాడటానికి ఏం చేయాలన్న ప్రశ్నకు పైనున్న అడవిని కాపాడితే చాలన్న జవాబు నిలవదు. కింద నుంచి పైదాకా తెగకుండా వాలు మొత్తం ఉండాలి. నీడ, నాచు, రాళ్ల గుట్ట, ఆలస్యంగా కరిగే మంచు గుంట లాంటి చిన్న చిన్న చల్లటి చోట్లు లెక్కలోకి రావాలి. కొన్నిటికి మోసుకెళ్లి వేరేచోట దింపడం తప్పకపోవచ్చు. దాన్ని పైకే మోయాలన్న నియమం కూడా లేదు.

ఆస్ట్రేలియాలోని మౌంటెన్ పిగ్మీ పొజమ్ ఇందుకు చిత్రమైన ఉదాహరణ. అరచేతిలో పట్టే జంతువు, బరువు 45 గ్రాములుంటుంది. శాస్త్రవేత్తలకు అది మొదట శిలాజంగానే తెలుసు, ఎప్పుడో అంతరించిందనుకున్నారు. 1966లో విక్టోరియా రాష్ట్రంలో మౌంట్ హోథమ్ మీద ఒక స్కీ విడిదిలో బతికి ఉన్నది దొరికింది. రాళ్ల గుట్టల్లో, మంచు దుప్పటి కింద చలికాలమంతా నిద్రపోతుంది. వసంతంలో లేచాక మైదానాల నుంచి కొండలకు వలస వచ్చే బొగోంగ్ చిమ్మటలు తిని ఒళ్లు చేస్తుంది. మంచు తగ్గుతోంది. 2017–18లో చిమ్మటల రాక ఘోరంగా పడిపోయింది. ఇక పైకి పోదామంటే ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలో అన్నిటికన్నా ఎత్తయిన కోషియస్కో శిఖరమే 2,228 మీటర్లు. ఎస్కలేటర్ కథ ప్రకారం దీని పని అయిపోయినట్టే.

కానీ దీని పూర్వీకుల శిలాజాలు దొరికింది ఒకప్పటి లోతట్టు తడి అడవుల నేలల్లో. కొండ పైకి ఎక్కడం దాని వంశంలో తర్వాత జరిగిన సంగతి. అక్కడ మిగిలిపోయింది కాబట్టి కొండ జంతువు అనిపించుకుంది. ఆ వాదన మీద న్యూ సౌత్ వేల్స్‌లోని లిత్‌గో దగ్గర, మంచు కొండల కన్నా బాగా తక్కువ ఎత్తులో, దీన్ని పెంచే కేంద్రం ఒకటి కట్టారు. చలికాలపు మంచు దుప్పటి లేని చోట కూడా ఇది నిలదొక్కుకుంటుందేమో చూడటం దాని ఉద్దేశం.